పదిహేడో నంబరు కుండీ

ఆ ఆదివారం పొద్దున గుండప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. కోడలు పవిత్ర రైలెక్కి పోయాక ఇంట్లో కుండీలు ఒకసారి లెక్కపెట్టాలి. మధ్యాహ్నం రాగిముద్ద తిని ఒక కునుకు తీసి, మూడింటికి బెంగుళూరు నుంచి వచ్చే ఆవిడ ముందు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని మర్యాదగా కూర్చోవాలి. అంతే. ఈ పథకంలో ఫైరింజను ఎక్కడా లేదు.

గుండప్పకు డెబ్బై నిండాయి. కోలారు బంగారు గనులు మూతపడి పాతికేళ్లు కావస్తున్నా ఆయన మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదని భార్య విశాలమ్మ అంటూ ఉంటుంది. ఆ రోజుల్లో ఆయన పని షాఫ్టు నోటి దగ్గర నిలబడి మనుషుల్ని కేజ్ అనే ఇనుప లిఫ్టులోకి ఎక్కించి కిందికి పంపడం, షిఫ్టు అయ్యాక పైకి వచ్చినవాళ్ళను దించుకోవడం. గనిలోకి పోయే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఒక ఇత్తడి టోకెను ఉండేది. మనిషి కిందికి దిగితే టోకెను మేకుకు వేలాడేది. పైకొస్తే మేకు మీంచి తీసి అతని చేతికిచ్చేవారు. షిఫ్టు చివర మేకుకు ఒక్క టోకెను మిగిలినా ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. ఆ మనిషి కళ్ళబడేదాకా గుండప్ప ఇల్లు చేరేవాడు కాదు. ఆయన కోపం గురించీ నస గురించీ ఎవరేమన్నా, లెక్క తప్పాడని మాత్రం ఎవరూ అనలేదు.

ఇప్పుడు లెక్కపెట్టడానికి మనుషులు లేరు కాబట్టి మొక్కలు దొరికాయి. అవి పవిత్రవి. మాలూరులో ఫ్యాక్టరీ పనికి పోతూ వస్తూ, అక్కడి క్యాంటీన్‌లో పనిచేసే గంగ ఇచ్చిన ఒక ఆకు, దారిలో ఎవరో పారేసిన ఒక కొమ్మ, ఇలా తెచ్చి తెచ్చి, ఖాళీ హార్లిక్స్ సీసాలో మొదలైన మనీ ప్లాంటు రెండేళ్లలో ఇరవై మూడు కుండీలయ్యాయి. మారికుప్పం స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో, గని కార్మికులకు వరసగా కట్టిన ఆ లైను ఇంట్లో ముందు గదికి దిండంత కిటికీ ఒకటే. పట్టపగలు కూడా పేపరు చదవాలంటే లైటు వేయాలి. అలాంటి చోటే తమకు స్వర్గమన్నట్టు ఆ మొక్కలు ఇనుప స్టాండ్ల మీద రెండు గోడల పొడవునా పచ్చగా పెరిగిపోయాయి.

వాటి పేర్లన్నీ ఇంగ్లీషువి, గుండప్పకు నోరు తిరగలేదు. అందుకని రేకు డబ్బా మూతలు కత్తిరించి నంబర్లు కొట్టి టోకెన్లు చేశాడు. గోడకు ఒక పలక దిగగొట్టి ఇరవై మూడు మేకులు వేశాడు. మొక్క లోపలుంటే టోకెను మేకుకు ఉండాలి, బయటికి పోతే కుండీ మెడకు పడాలి. ఇంట్లో అందరూ ఈ నియమం పాటించాలి. "నా కొంగు కూడా మేకుకు తగిలించి పోవాల్నా?" అని విశాలమ్మ అడిగింది గానీ, ఆయన దాన్ని మంచి సలహా కింద తీసుకుంటాడేమోనని భయపడి మళ్ళీ అడగలేదు.

ఆ రోజు రావలసిన బెంగుళూరు ఆవిడ పేరు రశ్మి. ఆఫీసుల్లో పెట్టుకోవడానికి నీడ మొక్కలు సరఫరా చేస్తుంది. పవిత్ర పంపిన ఫోటోలు చూసి, ఒకసారి వచ్చి చూస్తానంది. ఆమె సరేనంటే పవిత్ర ఫ్యాక్టరీ మానేసి ఇంట్లోనే మొక్కలు పెంచుకోవచ్చు. కాదంటే తెల్లవారకముందు రైలెక్కడం, పొద్దు గుంకాక దిగడం, ఎప్పటి మాదిరే. నాలుగేళ్ల కూతురు శశి తల్లిని ఎక్కువగా నిద్రలోనే చూస్తోంది.

"పాప నన్ను ఆదివారం మనిషి అనుకుంటా ఉండాది మామా," అంది పవిత్ర ఒకసారి నవ్వుతూనే. ఆ నవ్వు గుండప్పకు వారం రోజులు గుచ్చుకుంది.

తీరా ఆ ఆదివారమే ఫ్యాక్టరీలో ఒక పూట పని పడింది. భర్త మూర్తి పాపను తీసుకొని ఆవని అనే ఊళ్ళో పాప అమ్మమ్మ ఇంటికి పోయాడు. పవిత్ర హడావుడిగా చెప్పులు వేసుకుంటూ అప్పగింతలు పెట్టింది.

"మామా, ఎండలో పెట్టొద్దు. నీళ్ళు పోయొద్దు, నిన్న పోసినా. రశ్మి వచ్చే రైల్లోనే మాలూరులో నేనూ ఎక్కుతా, ఇద్దరం కలిసి వస్తాం. నువ్వు ఊరికే చూసుకో, చాలు."

"రోజూ నాలుగు వందల మందిని దించి ఎక్కించినోణ్ణి. ఇరవై మూడు మొక్కలు నాకొక లెక్కా తల్లీ? నువ్వు బేగ పో, రైలు పోతాది."

పవిత్ర గుమ్మం దాటింది, ఏదో గుర్తొచ్చి మళ్ళీ వచ్చింది. గంగ ఇచ్చిన ఆకు ఇప్పుడు ఎంత ముద్దుగా మొక్కయిందో ఆమెకు చూపించాలని, తెల్ల చారల ఆకుల చిన్న కుండీని సంచిలో పెట్టుకొని పరుగెత్తింది. అది పదిహేడో నంబరు. దాని టోకెను మేకుకే ఉండిపోయింది. గుండప్ప అప్పటికే పెరట్లోకి పోయి పళ్ళు తోముకుంటున్నాడు. కుండీ పోయిన సంగతి మీకూ నాకూ తెలుసు, ఆయనకు తెలియదు. గుర్తుంచుకుంటే చాలు, తక్కిన రభసంతా దాన్నించే పుట్టింది.

తొమ్మిదింటికి పెద్దన్న కాఫీకి వచ్చాడు. ఆయన గుండప్పతో పాటు గనిలో పనిచేసినవాడే, వెంటిలేషన్ డిపార్టుమెంటు. ఇరవై ఏళ్లకు పైగా భూమి కింద గాలి కొలిచిన మనిషి. ఇప్పటికీ ఏ ఇంట్లోకైనా ముందు ముక్కు పెట్టి తర్వాత కాలు పెడతాడు.

"ఏం గుండప్పా, కిటికీ ఏల మూసినావు?"

"బెంగుళూరామె వస్తా ఉండాది కదన్నా. దుమ్ము పడకుండా."

"మొక్కలు ఇరవై మూడు. మీ ఇంటోళ్ళు ఐదు మంది. కిటికీ ఒకటే, అదీ మూసి. ఇంగ గాలి యాడ నుంచి వస్తాదప్పా?"

"మొక్కలు మంచి గాలి ఇస్తాయంటారే?"

"వెలుతురుంటే ఇస్తాయి. చీకట్లో అవి కూడా మన మాదిరే పీల్చుకుంటాయి. ఇక్కడ వెలుతురు యాడుండాది?"

ఇందులో సగం నిజముంది, అదే వచ్చిన చిక్కు. చీకట్లో గదినిండా మొక్కలున్నా అవన్నీ కలిసి ఒక మనిషి పీల్చినంత కూడా పీల్చవు. కానీ ఆ మాట పెద్దన్నకు చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు. ఆయన కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి అడిగి తీసుకున్నాడు. చెడ్డ గాలి బరువుగా ఉండి నేల మీద నిలుస్తుందని చెప్తూ, కొవ్వొత్తిని పట్టుకొని గదంతా వంగి వంగి తిరిగి, చివరికి వెనక తలుపు దగ్గర కింద పెట్టాడు. వత్తి రెండుసార్లు ఊగి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాడు. మళ్ళీ ఆరిపోయింది. తలుపు కింద రెండు వేళ్ళ సందు ఉంది, అందులోంచి పెరటి గాలి రయ్యిమని వస్తోంది. గాలి లేక ఆరలేదు ఆ దీపం, గాలి ఎక్కువై ఆరింది.

పెద్దన్న నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"గుండప్పా, అందరూ బయటికి."

గుండప్ప కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆ గొంతు ఆయనకు తెలుసు. ఆ గొంతు విన్న రోజున ఎందుకని ఎవరూ అడగరు. విశాలమ్మ ఒక్కతే అడిగింది, ఎందుకంటే ఆమె గనిలో పనిచేయలేదు.

"ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లోనే పండుకుంటా ఉండాం కదప్పా, ఏమీ కాలేదే?"

"అందరూ అట్లే అంటారమ్మా," అన్నాడు పెద్దన్న విచారంగా.

వంటింట్లో గ్యాసు పొయ్యి మీద పప్పు కుతకుతా ఉడుకుతోంది. మంట నీలంగా నిటారుగా బ్రహ్మాండంగా మండుతోంది. దాన్ని సాక్ష్యం అడగాలని ఎవరికీ తోచలేదు.

ముగ్గురూ కలిసి కుండీలు బయటికి చేరవేశారు. ఎండలో పెట్టొద్దన్న కోడలి మాట గుండప్ప మరిచిపోలేదు. చూరు కింద అరగంట సేపు ఉండే నీడలో వాటిని వరసగా నిలబెట్టాడు. ఒక్కో కుండీ గుమ్మం దాటేటప్పుడు దాని టోకెను మేకు మీంచి తీసి మెడలో వేశాడు. అన్నీ అయ్యాక లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఈ చివరి నుంచి ఆ చివరికి లెక్కపెట్టాడు. ఇరవై రెండే. తలుపులోంచి తొంగి చూస్తే పలక మీద ఒక్క టోకెను వేలాడుతోంది.

"పదిహేడు," అన్నాడు గుండప్ప. "పదిహేడు లోపలే ఉండిపోయింది."

"స్టాండు మీద లేదే?" అంది విశాలమ్మ.

"టోకెను మేకుకుండాది కదా. అంటే లోపలే ఉండాది. నువ్వు యాడన్నా పెట్టినావా? అటక మీద?"

"నీ మొక్కల జోలికి నేను పోతానా? ముట్టుకుంటే ముప్పై మాటలంటావు."

పవిత్రకు ఫోను చేశారు. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే పెట్టి లోపలికి పోవాలి కాబట్టి అది మోగి మోగి ఊరుకుంది. అయినా గుండప్పకు అదే మంచిదనిపించింది. ఏమని చెప్తాడు? ఆ పిల్ల ఎన్నడూ ఏదీ అడగలేదు. చూసుకో అని ఒక్క మాట చెప్పి పోయింది. చెప్పి మూడు గంటలు కాకముందే ఆయన ఒకదాన్ని పోగొట్టాడు. సిగ్గుతో ఆయన ముఖం మాడిపోయింది. లోపలికి పోయి తెస్తానని లేచాడు.

"ఒంటిగా పోకూడదు," అన్నాడు పెద్దన్న. "పద్ధతి ఉండాది."

పద్ధతి ప్రకారం గుండప్ప పాత హెల్మెట్ పెట్టుకున్నాడు. తడిపిన తుండు ముక్కుకు కట్టుకున్నాడు. బట్టలారేసే తాడు విప్పి నడుముకు బిగించుకున్నాడు. రెండో కొన విశాలమ్మ చేతిలో పెట్టి, "ఒకసారి గుంజితే ఆపు. రెండుసార్లు గుంజితే ఇంకొంచెం వదులు. మూడుసార్లు గుంజితే మనిషి వస్తా ఉండాడని, లాగు," అని చెప్పాడు.

"మన ఇంట్లోకి నువ్వు పోయేదానికి నేను తాడు పట్టుకోవాల్నా? ఖర్మ!" అంది విశాలమ్మ. అంటూనే కొన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. ఇరవై ఏళ్లు ఈ మనిషి లెక్కల కోసం ఎదురుచూసిన మనిషి, అలవాటైపోయింది. "పోతే పోయినావు గానీ, పొయ్యి ఆర్పు. పప్పు మాడతా ఉండాది."

సరిగ్గా అప్పుడే పక్కింటి చిన్నక్క బిందె తీసుకొని బయటికి వచ్చింది. ఆమె చూసింది ఇదీ: విశాలమ్మ కాళ్ళు తన్నిపెట్టి తాడు పట్టుకొని ఉంది. తాడు బిగుసుకొని చీకటి గదిలోకి పోయింది. పెద్దన్న గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చొని లోపలికి చూస్తూ, "గాలెట్లుండాది?" అని అరుస్తున్నాడు. లోపల్నుంచి సామాన్లు పడుతున్న చప్పుడు.

ఇంకో ఊళ్ళో అయితే ఏంటి వదినా అని అడిగేవారు. కేజీఎఫ్‌లో అడగరు. అక్కడ ప్రతి ఇంటి కింద ఎంత లోతున ఏ సొరంగం పోతుందో ఎవరికీ పక్కాగా తెలియదు. మనిషిని తాడు కట్టి ఇంట్లోకి దించుతున్నారంటే ఆ లైనులో ఉండే ఎవరికైనా ఒకటే తోస్తుంది. చిన్నక్క బిందె వదిలేసింది.

"నేల కుంగింది! గుండప్ప మామ ఇంట్లో నేల కుంగింది! అందరూ బయటికి రండే!"

పది నిమిషాల్లో ఇరవై నాలుగు ఇళ్ళూ ఖాళీ. టీవీలు, మంచాలు, బియ్యం మూటలు, దేవుడి పటాలు, నానబెట్టిన ఇడ్లీ పప్పుతో సహా రుబ్బురోలు, అన్నీ వీధిలోకి వచ్చాయి. లైను చివర ఉండే షామియానా మోహన్ తన సరుకంతా బయట పడేసుకొని, ఏం చేయాలో తోచక, ముసలివాళ్ళు ఎండలో ఉన్నారని రెండు షామియానాలు కట్టేశాడు. ఇల్లు పీకి పందిరి వేయడమంటే ఏమిటో ఆ వీధి ఆ రోజు కళ్ళారా చూసింది. ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు.

లోపల అటక మీద పాత ట్రంకు పెట్టెల వెనక దూరిన గుండప్పకు ఇదేమీ తెలియదు. తాడు సర్దుకుందామని రెండుసార్లు గుంజాడు. విశాలమ్మ చుట్టూ అప్పటికి పదిమంది మగవాళ్ళు చేరి తాడు అందుకున్నారు. గుంజడం తెలిసింది గానీ ఎన్నిసార్లో లెక్కపెట్టే ఓపిక వాళ్ళకెక్కడిది? "ప్రాణంతో ఉండాడు, లాగండ్రా!" అని ఒక్కసారిగా లాగారు. గుండప్ప అటక దిగిన సంగతి గుండప్పకే తెలియలేదు. బూజు, రెండు చాపలు, ఒక జల్లెడతో సహా గుమ్మం దాటి వీధిలో కూలబడ్డాడు. అదృష్టం కొద్దీ అటక కింద పరుపు ఉంది, నెత్తిన హెల్మెట్ ఉంది.

"ఇంగా ఎవరన్నా ఉండారా మామా లోపల?" అని అందరూ ఒక్కసారి అడిగారు.

గుండప్ప ముక్కు మీది తుండు లాగి, "లెక్క తేలలేదు. ఒక నంబరు తక్కువ," అన్నాడు.

ఆ మాటకు అర్థం ఆ లైనులో చంటిపిల్లలకు కూడా తెలుసు. ముసలమ్మలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. గుండప్ప మాత్రం వాళ్ళ కాళ్ళ వైపు చూస్తున్నాడు. జనం తొక్కిసలాటలో కుండీలు ఒరిగిపోతున్నాయి, చూరు నీడ జరిగిపోయింది, ఒక మేక నాలుగో నంబరు దగ్గరికి వచ్చేసింది. ఆయన లేచి నిలబడి షాఫ్టు నోటి దగ్గరి పాత గొంతు తీశాడు.

"ఎవరూ కదలొద్దు! పందిట్లో కూర్చోండి, వరసగా! ఒక్కో మనిషి ఒక్కో కుండీ ఒళ్ళో పెట్టుకోండి! నేను లెక్క చూసేదాకా ఎవరూ లేచేది లేదు!"

ఎందుకని ఎవరూ అడగలేదు. వాళ్ళ నాన్నలూ తాతలూ ఆ గొంతు వినే కిందికి దిగారు, ఆ గొంతు వినే పైకి వచ్చారు. ఇరవై రెండు మంది ఇరవై రెండు కుండీలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నారు.

ఫైరింజను వచ్చింది. దాని ఆఫీసరు మునేష్ దిగి, నోటుబుక్కు తీశాడు.

"లోపల ఉండిపోయింది ఎవరు? పేరు?"

"పేరు ఇంగ్లీషులో ఏందో ఉండాది సార్. నాకు నోరు తిరగదు," అన్నాడు గుండప్ప. "నంబరు పదిహేడు."

"వయసు?"

"ఎనిమిది నెలలు."

జనంలో ఎవరో వెక్కారు. మునేష్ పెన్ను ఆగింది.

"గుర్తులు చెప్పండి. ఎట్లుంటుంది?"

"పచ్చగా ఉంటాది సార్. ఒంటి మీద తెల్ల చారలు. ఇంత ఎత్తు. మొన్ననే నాలుగో ఆకు వేసింది."

మునేష్ నోటుబుక్కు మూశాడు. గుండప్పను చూశాడు, హెల్మెట్ చూశాడు, పందిట్లో కుండీలతో కూర్చున్న జనాన్ని చూశాడు. చివరికి, ఈ మనుషుల్లో కాస్త తెలివున్నట్టు కనిపించిన విశాలమ్మను చూశాడు.

"మొక్క సార్," అంది విశాలమ్మ. "మా కోడలి మొక్క."

ఆ తర్వాత ఐదు నిమిషాలు గుండప్పకు పడిన తిట్లు ఇక్కడ రాయను. తెలుగులో కొన్ని, తమిళంలో కొన్ని, కన్నడంలో కొన్ని పడ్డాయి. బీరువా మోసి నడుం పట్టేసినవాడు మూడు భాషల్లోనూ తిట్టాడు. సామాన్లు ఎత్తుకొని ఇళ్ళకు పోబోతుంటే మునేష్ చెయ్యి అడ్డం పెట్టాడు. నేల కుంగిందని ఫోను వచ్చింది కాబట్టి ప్రతి ఇంట్లో నేల చూసి రాసుకుంటే గాని ఆయన ఎవర్నీ లోపలికి వదలకూడదు. ఇరవై నాలుగు ఇళ్ళు. మళ్ళీ అందరూ పందిట్లో కూలబడ్డారు, కుండీలు ఒళ్ళోకి వచ్చాయి. తిట్టిన నోళ్ళు అలిసిపోయాక చేతులకు వేరే పని లేక ఆకుల మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాయి.

గుండప్ప ఒక్కడే కూర్చోలేదు. గుమ్మం పక్కన నిలబడి మేకుకు వేలాడే ఆ టోకెనునే చూస్తున్నాడు. విశాలమ్మ పోయి పక్కన నిలబడింది.

"ఎక్కడికి పోతాదప్పా, దొరుకుతాది."

"ఒకే ఒక పని చెప్పిందే ఆ పిల్ల నాకు," అన్నాడు గుండప్ప. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండున్నరకు పవిత్రా రశ్మీ మారికుప్పంలో దిగి నడుచుకుంటూ వచ్చారు. మలుపు తిరగగానే పవిత్రకు కనిపించింది తన ఇంటి ముందు షామియానా. దాని కింద తలలు వంచుకొని కూర్చున్న జనం. ఇంట్లో సామాన్లన్నీ బయట. ఏ ఇంటి ముందైనా ఇవన్నీ కలిసి కనిపిస్తే దేనికో వేరే చెప్పక్కర్లేదు.

"మామా!" అని గుండెలు పగిలేలా అరిచి పరుగెత్తింది. చెప్పు ఊడిపోయినా ఆగలేదు. జనంలోంచి గుండప్ప ముందుకొచ్చేసరికి ఆయన రెండు చేతులూ పట్టుకొని బావురుమంది. "ఉండావా మామా! బాగుండావా!"

ఆ ఊపుకు భుజం మీది సంచి జారి, అందులోంచి తెల్ల చారల ఆకులు నాలుగు బయటికి తొంగి చూశాయి.

"పదిహేడు!" అన్నాడు గుండప్ప. అంటూనే అరుగు మీద కూలబడ్డాడు. "టోకెను తియ్యకుండా పైకి పోవచ్చునా తల్లీ? చెప్పి పోవచ్చు కదా! నా ప్రాణం పోయింది." తిడుతూనే ఏడ్చాడు. ఏడుస్తూనే లెక్క ఇరవై మూడని జనానికి చెప్పాడు. పందిట్లో ఎవరో చప్పట్లు కొట్టారు, అందరూ అందుకున్నారు. మధ్యాహ్నం దాకా తిట్టినవాళ్ళే.

జరిగిందంతా తెలిసేసరికి పవిత్ర ముఖంలో నెత్తురు చుక్క లేదు. రశ్మి వైపు తిరిగి చూసే ధైర్యం కూడా రాలేదు. ఇలాంటి ఇంటితో ఎవరు వ్యాపారం చేస్తారు? రేపు మళ్ళీ తెల్లవారకముందు రైలు. పాపకు మళ్ళీ ఆదివారం అమ్మ. తప్పంతా తనదేనని, కుండీ తీసుకుపోతూ చెప్పలేదని, మామను ఏమీ అనుకోవద్దని చెప్పబోయింది.

రశ్మి అప్పటికి వరసల మధ్య తిరుగుతూ ఒక్కో కుండీ వంగి చూస్తోంది. తిరిగొచ్చి పవిత్ర పక్కన అరుగు మీద కూర్చుంది.

"నిజం చెప్తాను పవిత్రా. మీ మొక్కలు బాగుంటాయని ఫోటోల్లోనే తెలుసు. కానీ నాకు నెలకు రెండు వందల మొక్కలు కావాలి. ఒక్క గదిలో మీరెట్ల పెంచుతారు? కుదరదని చెప్పిపోదామనే వచ్చినాను. ఫోన్లో చెప్తే బాగుండదని. రైల్లో మీరు పాప గురించి చెప్తా ఉంటే ఇంగ నోరు రాలేదు."

పవిత్ర లేచి పందిట్లోకి పోయి కుండీలు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. మొదట చిన్నక్క ముందు చేతులు చాచింది.

"నేనియ్యను," అంది చిన్నక్క.

"ఏందక్కా?"

"మూడు గంటలు ఒళ్ళో పెట్టుకున్నాను. నా ఒళ్ళోనే ఆకు విప్పింది ఇది. ఊరికే ఎట్లిస్తాను? మా ఇంట్లో పెట్టుకుంటాను. నీళ్ళు ఎప్పుడు పోయాల్నో చెప్పు."

పక్కావిడ తనదీ ఇవ్వనంది. బీరువా మోసినవాడు కుండీని ఇంకో వైపుకు తిప్పుకొని కూర్చున్నాడు. పన్నెండో నంబరును ఇద్దరు పట్టుకొని గుంజుకుంటున్నారు. రశ్మి లేచి వచ్చి చిన్నక్కను అడిగింది, "మీ ఇంట్లో కిటికీ ఎంతుంటుందమ్మా?"

"ఎంతుంటాది? దిండంత. ఎండ అనేదే రాదు తల్లీ. మా అత్త కాలం నుంచి అదే ఏడుపు."

"అన్ని ఇళ్ళూ ఇంతేనా?"

"అన్నీ ఒకే అచ్చు. ఇరవై నాలుగు చీకటి కొట్లు."

రశ్మి వీధి ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. తరతరాలుగా ఆ లైను వాళ్ళు తిట్టుకుంటూ వచ్చిన ఆ చీకటి కోసమే ఆమె ఏడాదిగా బెంగుళూరు చుట్టుపక్కలంతా వెతుకుతోంది. ఇంటికి పది కుండీలు పెట్టినా రెండు వందల నలభై. ఆమె పవిత్ర చెయ్యి పట్టుకొని పక్కకు తీసుకుపోయింది. పది నిమిషాల తర్వాత పవిత్ర తిరిగొచ్చింది. ముఖం చూస్తే చాలు, విశాలమ్మకు అర్థమైపోయింది. లోపలికి పోయి, మాడిన పప్పు పారబోసి, పాయసానికి పాలు పెట్టింది.

"ఒకటే అనుమానం," అంది రశ్మి అందరి ముందు. "ఇన్ని ఇళ్ళల్లో ఇన్ని కుండీలు. ఏది యాడుందో, ఎవరు నీళ్ళు పోసినారో, లెక్క ఎవరు చూస్తారు?"

అందరూ ఒక మనిషి వైపు చూసి, రాబోయే రోజులు తలుచుకొని నిట్టూర్చారు. గుండప్ప హెల్మెట్ సర్దుకున్నాడు. అప్పుడే ఆఖరి ఇంట్లోంచి బయటికొచ్చిన మునేష్, తన స్టేషనులో కూడా ఎండ రాని మూల ఒకటుందని, ఆ ఆరో నంబరును తీసుకుపోతానని అడిగాడు.

"తీసుకోండి సార్," అన్నాడు గుండప్ప. "సంతకం పెట్టి పోండి."

పవిత్ర ఆ నెలాఖరుకు ఫ్యాక్టరీ మానేసింది. శశి ఇప్పుడు సోమవారం కూడా అమ్మను చూసి ఆశ్చర్యపోవడం లేదు. మూడు నెలలకు మొదటి అరవై మొక్కలు బెంగుళూరులో ఒక ఏడంతస్తుల ఆఫీసుకు పోయాయి. వాటిని ఒంటిగా పంపడానికి గుండప్పకు మనసొప్పలేదు, తానే వెంట పోయాడు. అక్కడ ఆయన లిఫ్టు చూశాడు. తలుపు తెరుచుకుంటోంది, మనుషులు ఎక్కుతున్నారు, పైకి పోతున్నారు, మళ్ళీ ఎవరెవరో దిగుతున్నారు. దాని నోటి దగ్గర నిలబడి లెక్కపెట్టే దిక్కే లేదు. ఆయన మొక్కల్ని ఎక్కించాక, ఉన్న చోటే నిలబడిపోయాడు.

సాయంత్రానికి పైకి పోయిన మొక్కలు అరవైకి అరవై, లెక్క సరి. పైకి పోయిన మనుషులు నూట పన్నెండు, దిగినవాళ్ళు నూట పదకొండు. రైలు పోతుందని రశ్మి ఎంత బతిమాలినా ఆయన కదల్లేదు, లైట్లు ఆర్పబోయిన వాచ్‌మన్‌ను కూడా ఆర్పనివ్వలేదు. చివరికి అంతస్తు అంతస్తూ వెతికించాడు. ఆ తక్కువైన ఒక్కరూ రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే వెనక మెట్ల మీంచి ఇంటికి పోయే మేనేజరు గారని ఆ ఆఫీసుకు అప్పుడు తెలిసింది.